దూది గుంత

మొన్న ఒక ఆదివారం పొద్దున మా బాపు చాయ తాగి, గ్లాసు అరుగు మీద పెట్టి, "గంగూ, కారు తియ్యరా, సిరిసిల్ల పోయొద్దాం" అన్నాడు. అమ్మ చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చేస్తోంది. ఆమె వేళ్లు ఆగిపోయాయి. పెళ్లి మాటలు విన్నా, చావు కబుర్లు విన్నా ఆ వేళ్లు తమ పని తాము చేసుకుపోవడమే నేను చూశాను. సిరిసిల్లలో ఉన్నది మా మేనత్త రాజవ్వ, బాపుకు సొంత అక్క. బాపు ఆ ఇంటి గడప తొక్కక, ఆమెతో ఒక్క మాట మాట్లాడక ఇరవై ఏళ్లు దాటింది. ఆమెకు గుండె బాగా లేదని, ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చారని వారం కింద కబురు వచ్చింది. అప్పుడు బాపు విని బయటికి పోయాడు. ఇప్పుడు ఎందుకు పోదామంటున్నాడో మేమెవరమూ అడగలేదు. మా ఇంట్లో ఆయన్ను ప్రశ్నలు అడిగే అలవాటు ఎప్పుడూ లేదు. అమ్మ మాత్రం, "తెల్లంగి ఏసుకో, గీ అంగి మీద మరకున్నది" అంది. నేను తాళంచెవి తీసుకున్నాను.

కోరుట్ల దాటి మేడిపల్లి వైపు తిరిగాం. బాపు కిటికీ అద్దం దించుకొని పొలాలు చూస్తూ కూర్చున్నాడు. మా ఇద్దరి మధ్య అడ్డంగా ఉన్నది ఎప్పుడో విరిగిన నా కుడి చెయ్యి. ఆ చేతి కథ చెప్పాలంటే ముందు నేనేం పని చేస్తానో చెప్పాలి. నేను బండి మీద ఎగురుతాను. దీనికి ఫ్రీస్టైల్ మోటోక్రాస్ అని పెద్ద పేరుంది. మట్టి దిబ్బ మీదనో ఇనుప ర్యాంపు మీదనో బండిని గాల్లోకి లేపి, అక్కడ చేతులు వదిలి, కాళ్లు చాపి, ఒక్కోసారి బండితో సహా వెనక్కి పల్టీ కొట్టి, మళ్లీ మట్టి మీద దిగడం. ఎవరు ముందు పోతారన్న పందెం ఇందులో లేదు. పల్టీ బాగుందా, దిగడం బాగుందా అని చూస్తారు, అంతే. పెళ్లిళ్లలో చుట్టాలు "ఏం నౌకరీ?" అంటే "ఎగురుడు" అనేవాణ్ణి. "ఎగిరితే ఏమొస్తది?" అని అడిగేవారు. విలేకరులు వచ్చి "భయం వేయదా?" అని అడుగుతారు. వేస్తుంది. వేయని వాళ్లు ఈ పనిలో ఎక్కువ కాలం ఉండరు.

మా కోరుట్ల ఇల్లు రెండు వాసనల ఇల్లు. ఒకటి బీడీలు చుట్టే తడి తునికాకుది. సాయంత్రం కట్టలు విప్పి, అమ్మ ఆకు మీద నీళ్లు చల్లి, గోనెపట్టా కప్పి ఉంచేది. పొడి ఆకు కత్తెరకు విరిగిపోతుంది, తడి ఆకు మాట వింటుంది. తెల్లారి ఆ పట్టా తీయగానే అడవి వాన వాసన ఇల్లంతా నిండేది. రెండోది తంబాకుది. అది మా అన్నంలో కూడా ఉండేది. రెండేళ్లకోసారి, ఒకటి రెండు నెలల పాటు, మూడో వాసన వచ్చి చేరేది. అది బాపు తెచ్చే పెట్టెది. సెంటు, సబ్బు, కొత్త దుప్పట్ల వాసన. ఆయన మస్కట్‌లో బిల్డింగులకు ఇనుప రాడ్లు కట్టే పని చేసేవాడు. మా దగ్గర సముద్రం అవతల ఉన్నదంతా దుబాయే కాబట్టి ఊళ్లో ఆయన పేరు దుబాయి నర్సయ్య. ఆయన ఇంటికి వచ్చినప్పుడు మేమందరం సర్దుకొని కూర్చునేవాళ్లం. ఆయన కూడా తన ఇంట్లో చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలాగే ఉండేవాడు, గ్లాసులు ఎక్కడ ఉంటాయో అమ్మను అడిగేవాడు. చిన్నప్పుడు నాకు బాపు అంటే ప్రేమ కంటే మొహమాటం ఎక్కువ. ఇది చెప్పడానికి సిగ్గేమీ లేదు. మా వాడకట్టులో సగం మంది పిల్లల సంగతి అంతే.

ఒక సెలవులో ఆయన పాత టూ స్ట్రోక్ బండి ఒకటి కొని, తిరిగి పోయేటప్పుడు దుప్పటి కప్పి పెట్టి పోయాడు. అదే ఏడు పక్కింటి దుబాయి పెట్టెలో ఒక సీడీ వచ్చింది. దాని మీద బొమ్మ చూసి సినిమా అనుకొని పెట్టారు. తీరా చూస్తే మాట లేదు, పాట లేదు, హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు మట్టి గుట్టల మీద నుంచి బండ్లతో ఎగురుతున్నారు. ఇంటివాళ్లు విసుక్కొని నాకిచ్చేశారు. నేను దాన్ని అరిగిపోయేదాకా చూశాను. తర్వాత దుప్పటి తీశాను. ఆ బండిని ఎగిరే బండిగా మార్చింది జగిత్యాలలో ఖలీల్ భాయ్. స్కూటర్ల మెకానిక్కు. ముందు షాకబ్జర్లు ఒక బండివి, వెనకవి ఇంకో బండివి వేసి, మడ్‌గార్డులు పీకేసి, నా మొహం చూసి నవ్వాడు. "అరే గంగాధర్, ఎగురుడు పెద్ద పని కాదు. దిగుడు పని. ముందుగాల దిగెతందుకు జాగ సూస్కో" అన్నాడు. పల్టీ నేర్చుకునే వాళ్లు మొదట మట్టి మీద దిగరని ఆ సీడీలోనే చూశాను. పెద్ద గుంత నిండా స్పాంజి ముక్కలు నింపి అందులో పడతారు. అంత స్పాంజి మా జిల్లాలో అన్ని దుకాణాలు కలిపినా దొరకదు. కానీ ఖలీల్ భాయ్ గ్రీజు చేతులు తుడుచుకోవడానికి సిరిసిల్ల నుంచి వచ్చిన చిక్కునూలు బస్తాలు దుకాణం మూలన ఉండేవి. మధ్యాహ్నం నేను వాటి మీదే పడుకునేవాణ్ణి. సాంచాలు, అంటే మరమగ్గాల దగ్గర తెగిన దారం, దులిపిన దూది, అంచుల తుక్కు అన్నీ కలిపి ముద్దలు చేసి అమ్ముతారు. ఒకరోజు వాటి మీద నడుం వాలుస్తుంటే నా మేనత్త ఇల్లు గుర్తొచ్చింది.

అత్తమ్మది సాంచాల ఇల్లు. ముందు గదుల్లో కాపురం, వెనక రేకుల షెడ్డులో మరమగ్గాలు. ఆ చప్పుడులో పెరిగిన వాళ్లు కాబట్టి ఆ ఇంట్లో అందరూ గట్టిగా మాట్లాడేవారు, ప్రేమగా అన్న మాట కూడా తిట్టినట్టే వినిపించేది. పొద్దున లేవగానే అత్తమ్మ చేసే మొదటి పని షెడ్డు నేల మీద బకెట్లతో నీళ్లు చల్లడం. ఎండకు గాలి ఆరిపోతే నూలు పుటుక్కుమని తెగుతుంది, తెగితే సాంచా ఆగుతుంది, ఆగితే మామకు కోపం వస్తుంది. మా అమ్మ ఆకు మీద, మా అత్త నేల మీద, మా ఇండ్లల్లో ఆడవాళ్లకు పొడిగా కనిపించినదాని మీదల్లా నీళ్లు చల్లడం చేతిలో ఉన్న అలవాటు. షెడ్డు వెనక మామ కొత్త గది కోసం తవ్వించి వదిలేసిన పెద్ద గుంత ఉంది. "అత్తమ్మా, గా గుంతల చిక్కునూలు నింపుకుంట" అని అడిగితే ఎందుకని అడగకుండానే సరేనంది. ఎందుకో తెలిశాక, "నీకు పిచ్చి లేసిందారా?" అని అరిచింది. అరిచి, చీర కొంగు నడుముకు చెక్కి, చుట్టుపక్కల షెడ్లన్నీ తిరిగి తుక్కు పోగుచేసి తెచ్చింది. ఇరుగుపొరుగు వాళ్లు "మేనల్లుడు మెడ ఇరగ్గొట్టుకుంటడు" అంటే, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అని వాళ్ల నోరు మూయించింది.

ఇంట్లో మగ్గం నేర్చుకుంటున్నానని చెప్పి వారం వారం సిరిసిల్ల పోయేవాణ్ణి. సెంట్రింగు చెక్కలతో ర్యాంపు కట్టాను. ఎగిరి, సగం తిరిగి, వీపు మీదనో భుజం మీదనో దూదిలో మునిగేవాణ్ణి. మామ, ఇద్దరు సాంచా పనివాళ్లు తాడు వేసి బండిని పైకి లాగేవారు. ఆ తర్వాత చైనుకు, చక్రం కడ్డీలకు చుట్టుకున్న నూలును అత్తమ్మా నేనూ కూర్చొని కోసి తీసేవాళ్లం. పల్టీ రెండు క్షణాలు, నూలు తీయడం ఒక పూట. అప్పుడు ఆమె ఎన్ని సంగతులు చెప్పేదో. బాపును చంకనెత్తుకొని తిప్పింది తనేనని, చిన్నప్పుడు వాడు చెట్టెక్కి దిగలేక ఏడిస్తే తనే దించేదని నవ్వేది. ఒకసారి వేడెక్కిన సైలెన్సర్ తగిలి దూదిలోంచి పొగ లేచింది. పెద్దగా ఏం కాలేదు, ఆమె చెంబెడు నీళ్లు పోసి ఆర్పింది. కానీ షెడ్డు పక్కన నిప్పంటే సాంచాల ఇంట్లో ఎంత భయమో అప్పటికి నాకు తెలియదు. ఆ రోజు ఆమె మళ్లీ మళ్లీ గుంత దగ్గరికి పోయి చూసింది.

నా పంతొమ్మిదో ఏడు నిండాక బాపు సెలవు మీద వచ్చాడు. ఈసారి పెట్టెతో పాటు నా వీసా కూడా తెచ్చాడు. ఫోర్‌మన్ కాళ్లావేళ్లా పడి, తన జాగాలో కొడుకును పెట్టుకోమని ఒప్పించుకున్నాడు. నేను పోతే ఆయన ఇంటి దగ్గర ఉండిపోవచ్చు. నడుం నొప్పితో రాడ్లు వంచలేకపోతున్నాడని అమ్మ చెప్పింది. ఇందులో ఎవరినీ అడగవలసింది ఏమీ లేదు, మా వైపు నాగలి చేతులు మారినట్టే వీసా చేతులు మారేది. నాకు ఏడుపొచ్చింది, కానీ కాదనడానికి నోరు రాలేదు. పోయే ముందు చుట్టాల ఇండ్లన్నీ తిరిగి చెప్పి రావడం ఆనవాయితీ. వాళ్లు కోడిని కోసి తినిపిస్తారు, అక్కడున్న తమ వాళ్ల కోసం తొక్కు సీసాలు, సకినాలు చేతికిస్తారు. అలా బుగ్గారం, కొడిమ్యాల తిరిగి, చివరికి సిరిసిల్ల పోయాను. బండి అత్తమ్మ ఇంట్లోనే ఉంది. పోయేలోపల ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పూర్తి పల్టీ కొట్టాలని ఉండేది. ఆ తర్వాత ఇక రాడ్లే కదా.

ఆ పొద్దున నేను స్నానం చేస్తుండగా అత్తమ్మ షెడ్డులో నీళ్లు చల్లింది. చల్లి, మిగిలిన బకెట్లు తీసుకొని గుంత దగ్గరికి పోయింది. మొన్నటి పొగ ఆమె మనసులోంచి పోలేదు. దుబాయి పోయే పిల్లవాడు, నిప్పంటుకుంటే ఎట్ల అనుకొని, దూది తడిసేదాకా పోసింది. నాకు చెప్పవలసిన పని అని కూడా ఆమెకు తోచలేదు, నేల మీద నీళ్లు చల్లి ఎవరికైనా చెబుతామా? తడిసిన దూది దిగిపోయి, చాపలాగ గట్టిపడింది. కోడికూర తిని నేను బయటికి వచ్చేసరికి ఎండకు పైపొర ఆరి, ఎప్పటిలాగే తెల్లగా కనిపించింది. నేను బండి ఎక్కాను. ర్యాంపు అంచు దాటగానే తల వెనక్కి వేశాను. ఆకాశం, రేకులు, అత్తమ్మ పచ్చచీర, మళ్లీ ఆకాశం. ఆ రోజు బండి పూర్తిగా తిరిగింది. నా జన్మలో అంతటి సంతోషం ముందు ఎరగను. చక్రాలు దూదిలో మునగవలసింది, మునగలేదు. హ్యాండిల్ తిరిగి వచ్చి నా కుడి చేతిని బలంగా కొట్టింది. ఎముక చర్మం చీల్చుకొని బయటికి వచ్చింది. అత్తమ్మ గుంతలోకి దూకి నా తల ఒళ్లో పెట్టుకొని, ఏడుస్తూనే, "తిరిగినవ్ కొడుకా, మొత్తం తిరిగినవ్" అంది.

ఎస్టీడీ బూత్ నుంచి కోరుట్లకు కబురు పోయింది. సాయంత్రానికి బాపు ఆస్పత్రికి వచ్చాడు. చేతిలో ఇనుప రాడ్డు వేయాలని, అది పడ్డాక దుబాయి మెడికల్‌లో అన్‌ఫిట్ అంటారని అప్పటికే ఎవరో చెప్పారు. అత్తమ్మ దాచలేదు. "నీళ్లు నేనే పోసిన తమ్మీ, మంచికే అనుకున్న" అంది. బాపు ఆమె మొహం వైపు చూడకుండా గోడకు చెప్పినట్టు చెప్పాడు: "నా నోటికాడి బువ్వ తీసినవక్కా. ఇగ నీ గడప తొక్క." అంతే. సెలవు అయిపోగానే తనే మళ్లీ మస్కట్ పోయాడు. నడుముకు పట్టా కట్టుకొని పదేళ్లకు పైగా అదే పని చేశాడు. రాఖీ పండక్కి ఆయన ఇంటి దగ్గరున్న ఏడాది అత్తమ్మ రాఖీ తీసుకొని వస్తే, బస్సు తిరిగి పోయేదాకా మంగలి దుకాణంలో కూర్చునేవాడు. ఆమె రాఖీ మా అమ్మ చేతిలో పెట్టి, నా చెయ్యి ఒకసారి తడిమి చూసి, పోయేది. చుట్టాల్లో అందరూ ఆమెనే అన్నారు. చెయ్యి నాది కాబట్టి నేను ఎన్నిసార్లు "అత్తమ్మ తప్పు లేదు" అన్నా అది పెద్దమనసు కింద జమకట్టారు గానీ నిజం కింద కాదు.

దుబాయి తప్పింది కాబట్టి నాకు బండే మిగిలింది. చెయ్యి అతికాక ఖలీల్ భాయ్ దగ్గర పనికి కుదిరాను, ఆయనే పుణెలో మట్టి మీద జరిగే బండ్ల పందేలకు పంపాడు. అక్కడ ఎగిరేవాళ్లు కనిపించారు, వాళ్లలో కలిశాను. హైదరాబాదులో బండ్ల కంపెనీల తమాషాలు, బెంగళూరు, గోవా, ఆ తర్వాత విదేశాలు. తమాషా ఏమిటంటే చివరికి నేను మస్కట్ కూడా పోయాను. రాడ్లు కట్టడానికి కాదు, ఎగరడానికి. హోటల్లో ఉంచారు, ఏసీ గది, తెల్ల దుప్పట్లు. శుక్రవారం సెలవు కాబట్టి బాపు క్యాంపు నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. టికెట్టు ఉన్నా కుర్చీలో కూర్చోలేదు, ఇనుప జాలీ పట్టుకొని దూరంగా నిలబడ్డాడు. నేను చేతులు వదిలాను, పల్టీ కొట్టాను. జనం లేచి అరిచారు. అయిపోయాక ఆయన దగ్గరికొచ్చి, "దుమ్ము మస్తున్నది, మూతికి గుడ్డ కట్టుకోరాదు?" అన్నాడు. హోటల్లో ఉండమంటే ఉండలేదు, మళ్లీ బస్సెక్కాడు. ఆ బస్సు మలుపు తిరిగేదాకా నేను రోడ్డు మీదే నిలబడ్డాను. నా బతుకు ఆయన ఏళ్లతో కొన్నదేనని ఆ రోజు తెలిసింది.

ఇప్పుడు నలభై దాటాను, ఈ పనిలో ముసలివాణ్ణి. మేడిపల్లి అవతల కౌలు భూమిలో చిన్న మైదానం చేసి నేర్పిస్తున్నాను. గాలి నింపే పెద్ద పరుపు ఒకటి తెప్పించాం, దాని మీద ఎలా పడ్డా దెబ్బ తగలదు. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు పడుతూనే నవ్వుతారు, ఫోన్‌లో చూసుకొని మళ్లీ పడతారు. వాళ్లు నాకంటే తొందరగా నేర్చుకుంటారు, బాగా నేర్చుకుంటారు. పాత రోజులే మంచివని నేను అనను. చిక్కునూలు కంటే పరుపు వెయ్యి రెట్లు మేలు. కానీ పడ్డ తర్వాత వాళ్లు లేచి ఎవరి బండి వారు తోసుకుంటూ పోతుంటే, చైనులోంచి నూలు తీస్తూ ఒక మనిషితో పూటంతా కూర్చోవడం వాళ్లకు లేదే అనిపిస్తుంది. అంతకు మించి ఏమీ లేదు.

ఆ ఆదివారం మేం సిరిసిల్ల చేరేసరికి, అత్తమ్మ వాడకట్టులో సాంచాల చప్పుడు బాగా తగ్గి ఉంది. అత్తమ్మ ముందు గదిలో మంచం మీద దిండ్లకు ఆనుకొని ఉంది. మనిషి పిడికెడైపోయింది. బాపు గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ఆమె ఆయన్నే చూస్తూ, "ఎవలు, నర్సిగాడా?" అంది. "నేనే అక్కా." "బక్కగైనవ్." ఆమె కోడలు చాయ తెచ్చి పెట్టి పోయింది. ఇద్దరి ముందూ ఆ చాయ చల్లారిపోయింది. నేను బయటికి పోదామని లేస్తే బాపు చేత్తో కూర్చోమన్నాడు.

"అక్కా, ఓ ముచ్చట చెప్త, ఇను" అన్నాడు. "వీని చెయ్యి ఇరిగిందని ఫోన్ అచ్చినప్పుడు, నాకు ముందుగాల ఏమైందో ఎరికేనా? సంబురమైంది. ఇగ వీడు గా ఎండల రాడ్లు మొయ్యడు, గా రేకుల షెడ్డుల నాలెక్క పండడు అనుకున్న. గంతల్నే సిగ్గైంది. కొడుకు చెయ్యి ఇరిగితె సంబురపడ్డోడు తండ్రేనా? నీ మొకం చూస్తె గది నీకు తెలుస్తదని భయమైంది. అందుకే గట్లన్న. అన్న మాట ఎనుకకు తీసుకోవాల్నంటే గిదంత చెప్పాలె. చెప్పుడు చాతగాలే."

నాకు ఈ సంగతి ఆ రోజు దాకా తెలియదు. అత్తమ్మ కళ్ల చివర్ల నుంచి నీళ్లు చెవుల మీదికి జారాయి, తుడుచుకోలేదు. ఆమెకు ఏడుపు కంటే కోపమే ఎక్కువగా వచ్చిందని గొంతు విన్నాక తెలిసింది.

"ఇన్నేండ్లు నా చేతులతోని పిలగాని బతుకు నాశనం చేసిననుకున్న. వాడు టీవీల ఎగిరితె ఒక్కపారి చూడలే, కండ్లు మూసుకున్న. పొద్దుగాల బకెట్ పట్టినప్పుడల్ల నీ మాటనే యాదికచ్చింది. నువ్వు మాత్రం సంబురం నువ్వొక్కనివే దాచుకొని తిన్నవ్. నాకు గింత పెడితె నీదేం పోవురా?"

బాపు తల వంచుకొని కూర్చున్నాడు. ఆయన భుజాలు కదిలాయి. అత్తమ్మ నా వైపు తిరిగి, "ఏదిరా గంగూ, ఫోన్ల ఉంటయట గద, చూపియ్యి" అంది.

నేను మంచం అంచున కూర్చొని ఒక వీడియో పెట్టి ఆమె ముందు పట్టుకున్నాను. బండి ర్యాంపు దాటి గాల్లోకి లేచింది. నేను తలకిందులైనప్పుడు అత్తమ్మ చటుక్కున బాపు చెయ్యి పట్టుకుంది. బండి మట్టి మీద దిగి దూరంగా వెళ్లిపోయాక కూడా ఆమె ఆ చెయ్యి వదలలేదు.